పది ప్రశ్నలకీ సున్నా: అబోరిజినల్ బాలింతలతో పనిచేసిన మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కొత్తగా_కింబర్లీ:
మాది గుంటూరు. పెర్త్‌లో నాలుగేళ్లు చేసి, ఈమధ్యే ఆస్ట్రేలియా వాయవ్య మూలనున్న కింబర్లీలో చైల్డ్ హెల్త్ నర్సుగా చేరాను. మొన్న ఆరు వారాల అబోరిజినల్ (ఇక్కడి మూలవాసి) బాలింతకి ఎడిన్‌బరో ఫారం ఇచ్చాను, కాన్పు తర్వాత దిగులుని పసిగట్టడానికి. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, 13 గానీ ఆపైన గానీ వస్తే డిప్రెషన్ ఉందేమో చూడాలి. ఆ అమ్మాయి నిమిషంలో అన్నీ సున్నాలొచ్చేలా టిక్కులు కొట్టి పెన్ను తిరిగిచ్చేసింది. రెండో చెయ్యి మాత్రం బిడ్డ దుప్పటి అంచుని వదల్లేదు. 'రిస్క్ లేదు' అని ఎక్కించి ఇంటికొచ్చాను గానీ నిద్ర పట్టలేదు.

డార్విన్_సిస్టర్:
అది భయం, చెల్లీ. 1910 ప్రాంతం నుంచి 1970ల దాకా ప్రభుత్వాలే వాళ్ల పిల్లల్ని తీసుకెళ్లిపోయాయి. 2008లో అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, నిజమే. కానీ ఇవాళ్టికీ ఇంటి నుంచి తీసేసిన పిల్లల్లో, జనాభాతో పోలిస్తే, వాళ్ల పిల్లలే చాలా ఎక్కువ. 'ఏడుపొస్తోంది' అని టిక్కు పెడితే ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో ఆమెకేం తెలుసు? నువ్వైనా సున్నాలే పెడతావు.

పెర్త్_మిడ్‌వైఫ్:
ఆ ఫారం 1987లో బ్రిటన్‌లో తయారైంది. ఆరో ప్రశ్న గుర్తుందా, 'థింగ్స్ హావ్ బీన్ గెటింగ్ ఆన్ టాప్ ఆఫ్ మీ'? మొదటిసారి చదివినప్పుడు ఏం మీదికెక్కుతున్నాయో నాకే అర్థం కాలేదు :) మీ దగ్గరే 'కింబర్లీ మమ్స్ మూడ్ స్కేల్' ఉంది, అడగండి. అక్కడి అబోరిజినల్ స్త్రీలతో కలిసి తయారుచేశారు. మొదటి భాగంలో అవే ప్రశ్నలు వాళ్ల మాటల్లో, బొమ్మలతో ఉంటాయి. రెండోది 'యార్న్', అంటే తీరిగ్గా కబుర్లు: ఇంట్లో ఎవరున్నారు, చిన్నప్పుడెలా గడిచింది, దేనికి దిగులు. మార్కులొక్కటే చూసి తేల్చరు.

అలిస్_రోజులు:
నా తప్పు ఒకటి చెప్తా. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒకామె నా కళ్లలోకి చూడలేదని నోట్స్‌లో 'ముభావం' అని రాశాను. అక్కడి అబోరిజినల్ హెల్త్ వర్కర్ చదివి, 'నీకు మర్యాద ఇస్తోంది సిస్టర్' అంది. మా తాతయ్య ముందు నేనూ తల దించుకునే పెరిగాను, అయినా తట్టలేదు.

బ్రిస్బేన్_బుజ్జి:
చాలాచోట్ల వాళ్లు కూడా తల్లికీ బిడ్డకీ ఆకుల పొగ పట్టిస్తారట. మన పురిటి స్నానం, సాంబ్రాణి ధూపంలాగే కదా!

డార్విన్_సిస్టర్:
పోలిక బాగుంది గానీ ఆమె ముందు అనకండి. మనం తొలికాన్పుకి పుట్టింటికి వెళ్తాం. మారుమూల ఊళ్ల వాళ్లని మాత్రం నెలలు నిండకముందే ఊరు దాటించి పట్నంలో ఉంచుతారు. అమ్మా ఉండదు, అమ్మమ్మా ఉండదు.

బ్రిస్బేన్_బుజ్జి:
సారీ అక్కా, ఆ సంగతి తెలీదు. ఇక్కడ బ్రిస్బేన్‌లో 2013 నుంచి వాళ్లకోసం 'బర్తింగ్ ఇన్ అవర్ కమ్యూనిటీ' అనే కాన్పుల సేవ నడుస్తోంది. గర్భంతో ఉన్నప్పటి నుంచి బిడ్డ పుట్టాక కూడా ఒకే మిడ్‌వైఫ్, తోడుగా అబోరిజినల్ సిబ్బంది. నెలలు నిండని కాన్పులు తగ్గాయి.

పెర్త్_మిడ్‌వైఫ్:
ఒక హెచ్చరిక. 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకండి. బిడ్డకి ప్రమాదమనిపిస్తే మనం రిపోర్ట్ చేయాల్సి రావచ్చు. ఏది రాస్తారో, ఎవరు చూస్తారో ముందే చెప్పేయండి. రాత్రిపూట మాట్లాడాలంటే 13యార్న్ ఫోన్ లైన్ నంబరు (13 92 76) ఇవ్వండి, ఎత్తేది వాళ్లవాళ్లే.

కొత్తగా_కింబర్లీ:
అప్‌డేట్. ఈసారి హెల్త్ వర్కర్ ఆంటీతో వెళ్లాను. ఫారం బ్యాగులోనే ఉంచి వరండాలో కూర్చున్నాం. ఆంటీ, ఆ అమ్మాయి మొదట ఎవరు ఎవరికి ఏమవుతారో లెక్క తేల్చుకున్నారు, అచ్చం మన పెళ్లిళ్లలోలాగే. తర్వాత అరగంట చేపల గురించే. నేను గడియారం వంక చూస్తే ఆంటీ మోకాలితో తట్టింది. చివర్లో ఆ అమ్మాయి నేలవైపు చూస్తూ, రాత్రిళ్లు బిడ్డ ఊపిరి ఆడుతోందో లేదో అని నిద్రపోవట్లేదని చెప్పింది. గురువారం మళ్లీ రమ్మంది, వాళ్ల అమ్మమ్మ కూడా ఉంటుందట. నన్ను టీ పొడి తెమ్మన్నారు.