అప్‌డేట్: మెడ నొప్పికి కారణం దొరికింది

మూడు నెలలుగా మెడ, భుజాలు, తొడల్లో నొప్పి, కారణం తెలియట్లేదని ఇంతకు ముందు అడిగాను. నాకు 63 ఏళ్లు. ఎమ్మారైలో డిస్కులు అరిగాయన్నారు. ఆ వయసులో చాలామందికి ఉండేదేనట. ఫిజియోథెరపీతో ఏమీ తగ్గలేదు.

“పొద్దున లేవగానే ఎంతసేపు పట్టేసినట్టు ఉంటుంది?” అని మీలో ఒకరు అడిగారు. ఆ ప్రశ్నే దారి చూపించింది. నాకు గంటకు పైగానే ఉండేది, చేతులెత్తి తల దువ్వుకోలేకపోయేదాన్ని. అదే మాట రుమటాలజిస్టుకు (కీళ్లు, కండరాల వాపు జబ్బులు చూసే డాక్టరు) చెప్పాను. రక్తపరీక్షలో, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ బాగా ఎక్కువ. థైరాయిడ్, సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగేది) మామూలుగానే ఉన్నాయి. పాలీమయాల్జియా రుమాటికా అన్నారు, అంటే భుజాలు, తుంటి చుట్టూ వాపు వల్ల నొప్పి, పట్టేసినట్టు ఉండే జబ్బు. 50 దాటినవాళ్లకే వస్తుందట.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు 15 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. మూడో రోజు పొద్దున నా జడ నేనే వేసుకున్నాను, ఏడుపొచ్చేసింది.

మందు ఏడాదికి పైనే వాడాల్సి రావచ్చు, మెల్లగా తగ్గిస్తారు. సొంతంగా ఆపకూడదు. కొత్తగా తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసకబారడం లాంటివి కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి రమ్మన్నారు. ఇది మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. ఆ ప్రశ్న అడిగినవారికి నా నమస్కారాలు.