గ్లూటాథయోన్ బంగారు నానోక్లస్టర్లతో తెల్ల ఎల్ఈడీ: గులాబీ ఛాయ పోవడం లేదు

ప్రశ్న:
తెల్ల ఎల్ఈడీ కోసం బంగారు నానోక్లస్టర్లు (కొద్ది పరమాణువుల గుంపులు) ఇలా తయారుచేశాను: 20 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లం (బంగారం ఉన్న ఆమ్లం) 0.5 మి.లీ., 100 మిల్లీమోలార్ గ్లూటాథయోన్ (సల్ఫర్ ఉన్న చిన్న పెప్టైడ్) 0.15 మి.లీ., నీళ్లు 4.35 మి.లీ.; 70 డిగ్రీల దగ్గర 24 గంటలు. 365 నా.మీ. దీపం కింద ద్రావణం చక్కటి నారింజ రంగులో వెలుగుతోంది. పొడి చేసి రెండు భాగాల సిలికోన్‌లో కలిపి 450 నా.మీ. చిప్ మీద వేస్తే మాత్రం అంతా నీలమే. పైగా సిలికోన్ ఓవెన్లో ఎంతసేపు ఉంచినా జిగట పోవడం లేదు. 365 చిప్‌కి మార్చి నీలి కార్బన్ డాట్లు (నీలంగా వెలిగే కార్బన్ నానోకణాలు) కలిపితే గులాబీ ఛాయ వస్తోంది. నిష్పత్తి ఎంత మార్చినా తెలుపు రాదు. లోపం ఎక్కడ?

జవాబు 1:
ముందు సిలికోన్ సంగతి. అది ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే రకం అయి ఉండాలి. సల్ఫర్ ప్లాటినాన్ని పట్టేసుకుంటుంది, ఇక బంధాలు ఏర్పడవు. మిగిలిన గ్లూటాథయోన్‌ను తీసేయడానికి ద్రావణానికి రెండింతలు ఐసోప్రొపనాల్ పోసి సెంట్రిఫ్యూజ్ చేయండి. అది ఎలాగూ చేయాల్సిందే, కానీ క్లస్టర్ పైపొరలోనే సల్ఫర్ ఉంది కాబట్టి ఆ సిలికోన్‌ను వదిలేయడం మేలు. పాలీవినైల్ ఆల్కహాల్ వాడండి: 10 శాతం ద్రావణం 90 డిగ్రీల దగ్గర కరిగించి, 40కి దిగాక క్లస్టర్లు కలిపి, బుడగలు పోయాక గాజు మీద పోసి మెల్లగా ఆరనివ్వండి. తొందరపడి వేడి చేస్తే పొర బుడగలతో పాలలా మసకబారుతుంది.

450 చిప్ విషయానికొస్తే, ఆ తరంగదైర్ఘ్యం దగ్గర ఈ క్లస్టర్లు పీల్చుకునేది చాలా తక్కువ. 365 నుంచి 395 మధ్య చిప్ కావాలి.

జవాబు 2:
గులాబీ ఛాయకు కారణం నిష్పత్తి కాదండీ, రేఖాగణితం. సీఐఈ పటంలో (ప్రతి రంగునూ x, y అనే రెండు అంకెలతో చూపే పటం) మీ నారింజ (610 నా.మీ. దగ్గరి వెడల్పు శిఖరం) సుమారు 0.58, 0.41 దగ్గర ఉంటుంది. ముదురు నీలం 0.16, 0.10 దగ్గర. ఆ రెంటినీ కలిపే గీత x 0.33 దగ్గరికొచ్చేసరికి y 0.22 దగ్గరే ఉంటుంది. తెలుపుకి 0.33 కావాలి. ఆ గీత మీద ఎక్కడ నిలబడినా ఊదా, గులాబీలే. ఆకుపచ్చ తప్పనిసరి. ఆజాథయోథైమిన్ పైపొర ఉన్న బంగారు క్లస్టర్లు 530 నా.మీ. దగ్గర ఆకుపచ్చగా వెలుగుతాయి. అర్జినిన్ (ఒక అమైనో ఆమ్లం) కలిపితే లిగాండ్ పొర (క్లస్టర్‌ను చుట్టి ఉండే అణువులు) బిగుసుకుని వెలుగు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ముందు నారింజ, ఆకుపచ్చలను స్థిరపరచి, నీలాన్ని చివర్లో కొంచెం కొంచెంగా కలపండి. ప్రతిసారీ ఆరిన పొర మీదే కొలవాలి. ద్రావణంలో కుదిరిన నిష్పత్తి పొరలో కుదరదు.

ప్రశ్న అడిగినవారు:
పొరను చిప్‌కి అతికించవచ్చా?

జవాబు 1:
వద్దు. ఈ వెలుగు లిగాండ్లు బిగుతుగా ఉన్నంతవరకే. చిప్ వేడికి అవి కదలడం మొదలైతే శక్తి కాంతిగా కాక వేడిగా పోతుంది. నారింజ ముందు తగ్గి రంగు నీలం వైపు జారుతుంది. కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి, దీపం నడిచే కరెంటు దగ్గరే 30 నిమిషాలు వెలిగించాక రంగు కొలవండి. పాలీవినైల్ ఆల్కహాల్ తేమను పీల్చి మెత్తబడినా ఇదే జరుగుతుంది, అందుకే అంచులు సీలు చేయాలి. పొర దాటి వచ్చే 365 కాంతి కళ్లకు హాని. 400 కంటే తక్కువను ఆపే ఫిల్టర్ ముందు పెట్టకుండా వెలిగించవద్దు.