లద్దాఖ్ ఏడు రాత్రుల ప్లాన్: పెద్దవాళ్లతో ఈ వరుస సరైనదేనా?

ప్రశ్న (ఎర్రమట్టి)

సెప్టెంబరు మొదటి వారంలో ఢిల్లీ నుంచి విమానంలో లేహ్ వెళ్తున్నాం. అరవై దాటిన అమ్మానాన్నలు, మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప. నాన్న బీపీ మాత్రలు వేసుకుంటారు. రాత్రుల వారీగా అనుకున్న వరుస: 1 లేహ్, 2 పాంగాంగ్ సరస్సు, 3–4 నుబ్రా లోయ, 5 తుర్తుక్, 6–7 లేహ్‌లో గొంపాలు (బౌద్ధ మఠాలు). సరస్సు, ఇసుక దిబ్బలు, బౌద్ధుల ఊళ్లు, బాల్టీల ఊరు (తుర్తుక్) అన్నీ చూడాలని ఉంది. ఏమైనా మార్చాలా?

జవాబు (కొండదారి)

వరుస మొత్తం తిరగేయండి. చూసే చోటు కన్నా పడుకునే చోటు ఎంత ఎత్తులో ఉందన్నదే ముఖ్యం. లేహ్ 3,500 మీటర్లు, హుండర్ (నుబ్రా) సుమారు 3,100, పాంగాంగ్ 4,200కు పైనే. విమానం దిగిన మర్నాడే సరస్సు ఒడ్డున పడుకుంటే తలనొప్పి, వాంతులు కొనితెచ్చుకున్నట్టే. గాలిలో ఆక్సిజన్ ఎక్కడైనా 21 శాతమే, కానీ లేహ్‌లో గాలి పీడనమే మూడో వంతు తక్కువ. ఒంటికి అది అలవాటు కావడానికి రోజులు పడుతుంది.

నా లెక్క ఇది: 1, 2, 3 రాత్రులు లేహ్. మొదటి రోజు గది దాటొద్దు, మెట్లెక్కొద్దు, మద్యం ముట్టొద్దు. రెండో రోజు సాయంత్రం బజారు దాకా చాలు. మూడో రోజు సింధు నది వెంట పడమరగా నిమ్మూ సంగమం, లికిర్, ఆల్చీ గొంపాలు. ఆల్చీ లేహ్ కన్నా కిందే, పెద్దవాళ్లకు హాయి. 4 హుండర్, 5 తుర్తుక్, 6 పాంగాంగ్, 7 లేహ్.

నుబ్రా వెళ్లే దారిలో ఖర్దుంగ్ లా కనుమ (సుమారు 5,360 మీ.) దగ్గర ఫొటో దిగి పదిహేను నిమిషాల్లో కదలండి. అక్కడ టీ కొట్టు ముందు గంటసేపు నిలబడే వాళ్లే ఎక్కువగా పడిపోతారు.

జవాబు (సింధుఒడ్డు)

పైన చెప్పిన దాంట్లో ఒక్క చిక్కుంది. తుర్తుక్ నుంచి ఒక్కరోజులో పాంగాంగ్ అంటే పెద్దవాళ్ల నడుం విరిగినట్టే. పైగా నుబ్రా నుంచి పాంగాంగ్ వెళ్లే అఘమ్–ష్యోక్ దారిలో మంచు కరిగిన నీళ్లు మధ్యాహ్నానికి పెరిగి రోడ్డు మీదికొస్తాయి. ఆ ముక్క పన్నెండు లోపు దాటాలి, తుర్తుక్ నుంచి బయల్దేరితే అది కష్టం.

కాబట్టి 4, 5 రాత్రులు హుండర్‌లోనే ఉండి, తుర్తుక్‌కు పొద్దున వెళ్లి సాయంత్రానికి రండి. పోను రాను సుమారు 160 కి.మీ. ఆరో రోజు ఏడింటికే బయల్దేరి టాంగ్చేలో పడుకోండి. అది సరస్సుకు ముందే వచ్చే ఊరు, ఎత్తూ తక్కువ, చలీ తక్కువ. మర్నాడు పొద్దున్నే సరస్సు చూసుకుని చాంగ్ లా కనుమ మీదుగా లేహ్. ఒడ్డు టెంట్లలో తెల్లవారుజాము ఫొటో దొరుకుతుంది నిజమే, నిద్ర మాత్రం దొరకదు.

అయిదో రాత్రి ఎవరికైనా తలనొప్పి తగ్గకపోతే పాంగాంగ్ మానేయండి. నుబ్రా ఒక్కటే చూసినా ప్రయాణం దండగ కాదు.

జవాబు (మందులపెట్టె)

ఎత్తు పడకపోవడాన్ని ఆపే మాత్ర డయామాక్స్ (అసిటజోలమైడ్) పెద్దవాళ్లకు మామూలుగా 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి. సల్ఫా రకం మందులు పడనివాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. పాపకు బరువును బట్టి డోసు. మీ నాన్నగారి బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసే రకం ఉంటే ఈ రెండూ కలిసి ఒంట్లో నీళ్లు, లవణాలు తగ్గిస్తాయి, అందుకే చీటీ చూపించి అడగండి. వేళ్లు తిమ్మిరెక్కడం మామూలే.

స్ప్రే డబ్బాలో ఉండే ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే. తూలుతూ నడిచినా, కూర్చున్నా ఆయాసమొచ్చినా, పొంతన లేకుండా మాట్లాడినా రాత్రనక వెంటనే కిందికి దించాలి. తెల్లారనిద్దాం అనుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది.

జవాబు (గొంపాగంట)

మిగతావి. వేరేచోట తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఒక్కటైనా ఉంచుకోండి. లేహ్ దాటాక నెట్ సరిగా రాదు, యూపీఐని నమ్ముకోకుండా నగదు లేహ్‌లోనే తీసుకోండి. బయటి రాష్ట్రాల టాక్సీలను అక్కడ తిరగనివ్వరు. స్థానిక యూనియన్ టాక్సీయే, రేట్ల పట్టిక ఉంటుంది. భారతీయులకు 2021 నుంచి ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాలకు వెళ్లే అనుమతి) తీసేశారు గానీ పర్యావరణ రుసుము రసీదు, ఆధార్ జిరాక్సులు దగ్గరుంచుకోండి.

గొంపాల దగ్గర, మణి రాళ్ల (మంత్రం చెక్కిన రాళ్ల) గోడల దగ్గర ప్రదక్షిణలాగే కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి, మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆల్చీ లోపల ఫొటోలు వద్దంటారు. శతాబ్దాల నాటి గోడ చిత్రాలవి, టార్చి వేసి చూడండి చాలు.

తుర్తుక్ 1971 యుద్ధంలో మన చేతికొచ్చిన ఊరు, పర్యాటకులకు తెరిచింది 2010లో. బాల్టీ ముస్లింలు, భాష వేరు, ఇళ్ల కట్టుబడీ వేరు. ఆడవాళ్లను అడగకుండా ఫొటో తీయొద్దు, పొట్టి బట్టలొద్దు. బార్లీ కోశాక అదే పొలంలో బక్‌వీట్ వేస్తారు, దాని అట్టు 'కిసిర్' అడిగి తినండి. తాజా ఆప్రికాట్లు మీరు వెళ్లేసరికి అయిపోవచ్చు, ఎండువి ఉంటాయి.

ఎర్రమట్టి

సింధుఒడ్డు గారి వరుసకే మార్చేశాం. టాంగ్చేలో గది ముందే బుక్ చేయాలా?

సింధుఒడ్డు

చేయండి, గదులు తక్కువ. అయితే రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. అయిదో రాత్రి నిర్ణయం మారితే డబ్బు పోతుందని ఎవరూ మొహమాటపడి పైకి ఎక్కకూడదు.