క్లీటు కింద నీళ్లు కారుతున్నయ్, డెక్కు మెత్తబడ్డది: ఏం చెయ్యాలె?

మానేరుగాలి:
లోయర్ మానేరు డ్యామ్‌ల నడిపే 14 అడుగుల ఫైబర్ తెరచాప పడవ. ముందు తెరచాప తాడును రెండు పండ్ల దవడల నడుమ పట్టే క్యామ్ క్లీటు ఉంటది గద, వాన పడితే దాని కింద లోపల చుక్కలు. చుట్టూత సిలికాన్ పూస్తే నెల ఆగింది, మళ్లా మొదలు. అక్కడ కాలు పెడితే డెక్కు (పడవ పైతట్టు) దిగుతున్నది. 6 ఎంఎం బోల్టులు రెండు, కింద చిన్న వాషర్లే. ఒక దవడ తాడును సరిగ పడ్తలేదు కూడ.

ఫైబర్‌పని:
పైన పూసిన సిలికాన్ పని చెయ్యది అన్నా. నీళ్లు బోల్టు సందుల దిగితే డెక్కు రెండు ఫైబర్ పొరల నడుమున్న ప్లైవుడ్ తాగుతది. మనది మంచినీళ్ల చెరువు గద అని ధీమా వద్దు, చెక్కను చీకించేది వాననీళ్లే. ఉప్పునీళ్లల్ల అంత తొందరగ చీకది.

క్లీటు తీసినంక సిలికాన్‌ను బ్లేడుతోని గీకు. గీకకుండనే ఇసుక కాయితం రుద్దితే అది ఫైబర్‌ల ఇంకుతది, తర్వాత ఏదీ అంటుకోది. రంధ్రాలను పైనుంచి 12 ఎంఎంకు తొలువు, కింది పొర తెగొద్దు. చీకిన పొట్టు వంచిన మేకుతోని గుంజెయ్, మంచిగ ఆరనియ్. వానకాలం ఆరది, ఫిబ్రవరి, మార్చిల పెట్టుకో.

ముందు ఉత్త ఎపాక్సీ (రెండు మందులు కలిపితే గట్టిపడే జిగురు) పూసి చెక్కకు తాగనియ్. తర్వాత సన్నని రంపపు పొట్టు కలిపి చిక్కగ చేసి నింపు. ఎండకాలమైతే పొద్దుగాల్నే, కొంచెం కొంచెం కలుపు. గిన్నెల ఎక్కువుంటే వేడెక్కి పొగలొస్తది. ఒకరోజు ఆగి 6.5 ఎంఎం బిట్టు వెయ్.

చాపతాడు:
పైది కరెక్టే గని, ముందు స్క్రూడ్రైవర్ పిడితోని తట్టి చూడాలె. గట్టి జాగల టంగుమంటది, చీకిన జాగల బొద్దుగ మోగుతది. అరచెయ్యి కంటె వెడల్పుగ మోగితే రంధ్రం నింపుడు దండగ. కింది పొర కోసి ప్లైవుడ్ మార్చుడే.

బిగించేటప్పుడు రంధ్రం పై అంచును జర ఏటవాలుగ చెక్కు, బ్యుటైల్ టేపు (నీళ్లు ఆపే మెత్తని రబ్బరు జిగురు టేపు) అండ్ల కూసుంటది. బోల్టు మెడకు టేపు చుట్టి, బోల్టును తిరగనియ్యకుండ కిందినుంచి నట్టే తిప్పు. బోల్టు తిరిగితే సీలు తెగుతది. ఒక్కసారి బిర్ర బిగించకు. మూడు నాలుగు రోజులు రోజింత తిప్పు, పిసికి బయటికొచ్చిన టేపు కోసెయ్. కింద చిన్న వాషర్లు తీసేసి 3 ఎంఎం అల్యూమినియం పట్టీ వెయ్. స్టీలు నట్టును డ్రిల్లు మిషనుతోని తిప్పితే మరలు అతుక్కపోతయ్, చేత్తోనే తిప్పు.

మానేరుగాలి:
తట్టి చూసిన, రెండు వేళ్లంతనే బొద్దుగున్నది. మరి దవడకు గ్రీజు పెట్టాల్నా?

చాపతాడు:
వద్దు, గ్రీజుకు ఇసుక అంటి ఇంకింత పట్టేస్తది. సబ్బు నీళ్లతోని కడుగు. ఒక్కో దవడే విప్పు, రెండోదాన్ని చూసి స్ప్రింగు ఎటు పెట్టాల్నో తెలుస్తది. గుడ్డ కప్పి తియ్, స్ప్రింగు ఎగిరి నీళ్లల్ల పడితే దొరకది. పండ్లు అరిగితే మాత్రం క్లీటు కొత్తదే.