పిల్లలకు పాలు మాన్పిస్తుంటే మంద మేతకు పోవట్లేదు, ఏం చేయాలి?

మాది వనపర్తి వైపు. 22 తల్లి మేకలు, 17 పిల్లలు. పిల్లలకు మూడు నెలలు నిండాయి, ఒక్కోటి 9-10 కిలోలుంది, ఆకు, దాణా బాగా తింటున్నాయి. ఆరు రోజుల కిందట కొట్టంలో దడి కట్టి విడదీశాను.

పిల్లలు రెండు రోజులు అరిచి సర్దుకున్నాయి. తంటా అంతా ముందు నడిచే పెద్ద మేకతోనే. పొద్దున 8కి తోలితే అర కిలోమీటరు పోయి, చెవులు నిక్కబొడిచి ఆగుతుంది. ఒక్క అరుపు అరిచి వెనక్కి తిరుగుతుంది. దాని వెనకే మందంతా. వచ్చి దడికి పొదుగు ఆనించి నిలబడితే, దాని పిల్లలు రెండూ సందులోంచి మూతి పెట్టి తాగేస్తున్నాయి!

చన్నులకు వేపాకు ముద్ద పూస్తే మధ్యాహ్నానికి ఎండి రాలిపోయింది. దడికి గోనెసంచులు కడితే చింపేసింది. దాన్ని కట్టేసి మిగతావాటిని తోలితే అవి గేటే దాటలేదు. నిన్నటి నుంచి పొదుగు ఎడమవైపు కాస్త గట్టిగా ఉంది. వేడి లేదు, పాలలో గడ్డల్లేవు. సాయంత్రం బిగువు తగ్గేంత మాత్రమే పిండుతున్నాను.

ఈ ఒక్క మేకకు పిల్లల్ని మళ్లీ కలిపి, పూట పూటగా తగ్గించాలా, లేక పిల్లల్ని అరుపు వినపడనంత దూరం పెట్టాలా?