తిరుపతిలో సైకిలుకు విడిగా దారి ఇవ్వాలా? ఉన్న రోడ్డే చాలట్లేదంటే?

లీలామహల్‌వాసి:
మావాడు తొమ్మిదో తరగతి. స్కూలు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, సైకిల్ మీద పోతానంటాడు, వాడు తిరిగొచ్చేదాకా మా ఆవిడకి టెన్షన్. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 2023లో తెరిచారు, బస్సులూ కార్లూ పైనుంచి పోతున్నాయి. మరి కింద మిగిలిన చోటు ఎవరిది? ఒక పక్క సైకిళ్లకి ఇవ్వమని కార్పొరేషన్‌ని అడిగితే తప్పా?

గాంధీరోడ్డు అంగడి:
స్వామీ, వినడానికి బాగుంది. మా అంగడి ముందు బండి ఆపేదానికే చోటు లేదు. కారు ఆపలేకపోతే యాత్రికుడు ఇంకోచోట కొనుక్కుంటాడు. పైగా మే నెల ఎండలో ఎవరు తొక్కుతారు? హైదరాబాదులో 2023లోనే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకలతో ట్రాక్ వేశారే, అది పొద్దున్నే వ్యాయామానికి వచ్చేవాళ్లకి తప్ప పాలబ్బాయికి పనికొచ్చిందా?

మంగళం సైకిల్:
అన్నా, హైదరాబాదు సంగతి మీరన్నదే నిజం. ఊరి బయట వేస్తే అది షికారుకే. ఇంటినుంచి స్కూలుకి, మార్కెట్టుకి, బస్టాండుకి తెగకుండా పోవాల, మధ్యలో ఒక్క సర్కిల్ దగ్గర దారి మాయమైనా అమ్మానాన్నలు పిల్లల్ని పంపరు. ఎండ అంటారా, స్పెయిన్‌లో సెవిల్ అనే ఊర్లో వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. 2006-07 ప్రాంతంలో అక్కడ దాదాపు 80 కిలోమీటర్ల దారి ఒకదానికొకటి కలిసేటట్టు ఒకేసారి వేశారు, చాలాచోట్ల కార్లు ఆపే చోటు తీసేసి మరీ. సైకిళ్లు ఎన్నో రెట్లు పెరిగాయి. అంత దూరం ఎందుకు, పెళ్లి బట్టలకి మనం పోయే చెన్నై పాండీ బజార్‌లో 2019లో రోడ్డు తగ్గించి నడిచేదానికి చోటు పెంచారు కదా, అక్కడ జనం కొనడం మానేశారా?

గాంధీరోడ్డు అంగడి:
అక్కడ పక్కనే అంతస్తుల పార్కింగ్ కూడా కట్టారు. ఆ మాట చెప్పలేదే!

హాస్టల్ అమ్మాయి:
అంకుల్, ఆ పాయింట్ మీదే. కానీ సైకిల్ తొక్కేదాన్ని నేను, ఒకమాట చెప్తా. తెల్లగీత గీస్తే రెండోరోజుకి దానిమీద ఆటో నిలబడుతుంది. గట్టు కట్టాలి, రాత్రి లైట్లు వెలగాలి. గవర్నమెంటు స్కూలు అమ్మాయిలకి సైకిళ్లు పంచారు, తొక్కేదానికి రోడ్డు మాత్రం ఇవ్వలేదు. ఇరుకు వీధుల్లో ట్రాక్ అక్కర్లేదు, బండ్ల వేగం తగ్గిస్తే చాలు. జనం, సైకిళ్లు, బండ్లు కలిసి తిరిగే చోట గంటకి 30 కిలోమీటర్లు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. దానికి పెద్ద ఖర్చేం లేదు, నాలుగు స్పీడ్ బ్రేకర్లు. మనవాళ్లు వాటిని నడుం విరిగేటట్టు కడతారు, అది వేరే కథ.

లీలామహల్‌వాసి:
అయితే ముందు పార్కింగా, ముందు గట్టా?

గాంధీరోడ్డు అంగడి:
పార్కింగ్ కట్టినరోజు నా అంగడి ముందు గట్టుకి నేనే కొబ్బరికాయ కొడతా. అంతవరకు మాత్రం ఒప్పుకోను.

మంగళం సైకిల్:
సరే అన్నా, మీ రోడ్డు వదిలేద్దాం. స్కూళ్లున్న వీధులతో మొదలుపెట్టమందాం, అక్కడ మీకేం అంగడి లేదు కదా?