వేప్‌లో వేసే 18650 బ్యాటరీ సెల్స్ మధ్యాహ్నానికే అయిపోతున్నాయి, ఫోన్ ఛార్జర్ వల్లేనా?

లెస్టర్_కుర్రాడు:

అన్నలూ అక్కలూ, నేను లెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్నా. సిగరెట్ మానేసి రెండేళ్లవుతోంది, వేప్ (ఈ-సిగరెట్) పట్టుకునే మానగలిగా, దాన్ని కూడా తగ్గించుకుంటూ వస్తున్నా, నికోటిన్ 12 నుంచి 6కి దిగా. ముందు ఒకసారి వాడి పారేసే డిస్పోజబుల్స్ వాడేవాణ్ని, 2025 జూన్ 1 నుంచి ఇక్కడ అవి అమ్మడం బ్యాన్ అయ్యాక ఒక సీనియర్ దగ్గర రెండు సెల్స్ పట్టే మోడ్, అంటే మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే పెద్ద వేప్, కొన్నా. సెల్స్ మాత్రం ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ అని రాసున్నవి తెప్పించా, నంబర్ ఎంత పెద్దదైతే అంతసేపు వస్తుంది కదా అని. పొద్దున ఫుల్ చేసుకుని క్యాంపస్‌కి వెళ్తే లంచ్ అయ్యేలోపే బ్యాటరీ గుర్తు ఎర్రగా మారిపోతోంది. 60 వాట్స్ మీద పెట్టి వాడతా. ఛార్జింగ్ అంటే ఫోన్‌తో వచ్చిన 67 వాట్స్ అడాప్టర్‌కి కేబుల్ గుచ్చి, రాత్రి పడుకునేటప్పుడు మంచం మీదే తలగడ పక్కన పెట్టేస్తా, మొన్న మధ్యలో మెలకువ వచ్చి పట్టుకుంటే చెయ్యి వెంటనే తీసేసేంత వేడిగా ఉంది. అడాప్టర్ పవర్ ఎక్కువవడం వల్లేనా? ఏ సెల్, ఏ ఛార్జర్ తీసుకోవాలి? ఇంకోటి, డిసెంబర్‌లో వరంగల్ వస్తున్నా, వెంట తెచ్చుకోవచ్చా?

మాంచెస్టర్_అన్న:

తమ్ముడూ ముందు ఆ సెల్స్ ఈరోజే బయటికి తీసెయ్. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, అంత చిన్నదాంట్లో 9900 పట్టే ఛాన్సే లేదు. వేప్‌కి పనికొచ్చే మంచి సెల్స్ 2500 నుంచి 3000 లోపే ఉంటాయి. నేనూ ఒకప్పుడు ఇలాగే రెండు కొని మోసపోయా, కెపాసిటీ టెస్ట్ ఉన్న ఛార్జర్‌లో పెడితే 1150 చూపించింది. చేతిలోకి తీసుకున్నా తెలుస్తుంది, అసలుది 45 గ్రాముల దాకా తూగుతుంది, నావి వంటింటి కాటా మీద పెడితే 31.

ఇక్కడ అందరూ ఎంఏహెచ్ చూసి కొంటారు కానీ చూడాల్సింది ఆంప్స్, అంటే ఆ సెల్ వేడెక్కకుండా ఆగకుండా ఎంత కరెంట్ ఇవ్వగలదు అని. నీ 60 వాట్స్ రెండు సెల్స్ పంచుకుంటే చెరో 30, బ్యాటరీ దిగిపోయి 3.2 వోల్ట్స్‌కి వచ్చినప్పుడు ఒక్కోదాని మీద 9 ఆంప్స్ పైనే పడుతుంది, మోడ్‌లో పోయే నష్టం కలిపితే 10 అనుకో. సామ్‌సంగ్ 25ఆర్ 2500 ఎంఏహెచ్ సెల్, 20 ఆంప్స్ ఇస్తుంది, సోనీ వీటీసీ6 అయితే 3000 ఎంఏహెచ్, 15 ఆంప్స్, రెండూ నీకు సరిపోతాయి. వీటికి కూడా డూప్లికేట్లు ఉన్నాయి, అందుకే బ్యాటరీలే అమ్మే పేరున్న షాపులో కొను, ఐదు పౌండ్లు ఎక్కువైనా పర్లేదు. రెండూ ఒకేసారి కొని ఎప్పుడూ జతగానే వాడు, జతగానే ఛార్జ్ చెయ్, కొత్తదీ పాతదీ కలపొద్దు.

ఎంతసేపు వస్తుందో కూడా లెక్కేసుకోవచ్చు. 2500వి రెండు అంటే మొత్తం 18 వాట్ అవర్స్, చేతికొచ్చేది 16 అనుకుందాం, 60 వాట్స్ మీద సుమారు 16 నిమిషాలు, పఫ్ మూడు సెకన్లయితే 320 పఫ్స్. అదే 40 వాట్స్‌కి సరిపడే కాయిల్ (లిక్విడ్‌ని వేడి చేసే తీగచుట్ట) వేసుకుంటే 480.

పాత_ట్రిపుల్‌ఈ:

అన్న చెప్పిన లెక్క కరెక్టే, నేను అడాప్టర్ సంగతి చెప్తా. 67 వాట్స్ అని రాసుంటే అది 67 నీ మోడ్‌లోకి బలవంతంగా తోసేయదు, అవతలిది అడగనంతవరకు 5 వోల్ట్సే ఇస్తుంది, ఎంత కరెంట్ లాగాలో మోడ్ లోపలి బోర్డే చూసుకుంటుంది. కాబట్టి వేడికి ఎక్కువ అనుమానం ఆ నకిలీ సెల్స్ మీదే, తర్వాత బోర్డు మీద. అయినా బుక్‌లెట్‌లో 5 వోల్ట్స్ 2 ఆంప్స్ అని ఉంటే అలాంటి మామూలు అడాప్టరే వాడు. కొన్ని చవక మోడ్స్, పాడ్స్ అనే చిన్న వేప్స్ రెండువైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో అసలు ఛార్జ్ ఎక్కవు, చాలామంది బ్యాటరీ పోయిందనుకుని పారేస్తారు, నిజానికి పోర్ట్ దగ్గర ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు వాళ్లు పెట్టలేదంతే, ఒకవైపు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్ పెడితే ఎక్కేస్తుంది.

సెల్స్ బయటికి వచ్చే మోడ్ కాబట్టి విడిగా ఛార్జర్ కొనుక్కోవడమే మంచిది. ఎక్స్‌టార్, నైట్‌కోర్ లాంటివి, ఒక్కో స్లాట్ దేనికదే చూసుకుని 4.2 వోల్ట్స్ దగ్గర ఆపేవి. కరెంట్ 0.5 లేదా 1 ఆంప్ పెట్టుకో, 1 మీద మూడు గంటల్లో నిండుతుంది, తొందరపెట్టి 2, 3 ఆంప్స్ ఎక్కిస్తే సెల్ ఆయుష్షు తగ్గుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం, మీ దగ్గర చలి కదా, చలికి సెల్ ఎలాగూ తక్కువసేపు వస్తుంది, కానీ బయట గడ్డకట్టే చలిలోంచి రాగానే ఛార్జింగ్ పెట్టొద్దు, సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంలా పేరుకుని సెల్ శాశ్వతంగా పాడవుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగు.

క్రాయిడన్_అక్క:

బాబూ, మంచం మీద ఛార్జింగ్ వద్దు నాన్నా, దండం పెడతా. షేరింగ్ ఇంట్లో నువ్వొక్కడివే ఉండవు, పై గదుల్లో పిల్లలు పడుకుని ఉంటారు. మెలకువగా ఉన్నప్పుడు, గట్టి బల్ల మీద, బయటికెళ్లే దారికి అడ్డం లేని చోట పెట్టుకో.

మావారు స్పేర్ సెల్‌ని ప్యాంటు జేబులో తాళాల గుత్తితో పాటు వేసుకున్నారు ఒకసారి. బస్సు దిగుతుంటే తొడ మీద చురుక్కుమంది, లాగి ఫుట్‌పాత్ మీద విసిరేశారు. చూస్తే పై ప్లాస్టిక్ రాప్ కరిగి తాళం పళ్లు అచ్చు పడ్డాయి. సెల్ ఒళ్లంతా మైనస్సే, పైన బొడిపె మాత్రమే ప్లస్, మధ్యలో ఉన్నది ఆ పల్చటి రాపే, గోరంత చిరిగినా వాడొద్దు. స్పేర్ వాటికి ప్లాస్టిక్ డబ్బీ దొరుకుతుంది, అందులోనే పెట్టుకో.

వరంగల్‌కి మాత్రం తీసుకురాకు. మన దగ్గర 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్లు దిగుమతి చేసుకోవడం, అమ్మడం నిషేధం, మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడి నుంచి వేరే ఎక్కడికైనా ఫ్లైట్‌లో వెళ్తే వేప్ చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు.

లెస్టర్_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాశారు. కాటా మీద పెట్టా, ఒకటి 33 గ్రాములు ఇంకోటి 34, పైగా ఒకదానికి ప్లస్ అంచున రాప్ లేచి కింద వెండి రంగు కనిపిస్తోంది, ఇన్నాళ్లూ గమనించనేలేదు. రెండు కొసలకీ టేప్ వేసి దగ్గర్లోని వేప్ షాప్‌లో ఇచ్చేశా, పాతవి వాళ్లు తీసుకోవాల్సిందేనట. 25ఆర్ జత, రెండు స్లాట్ల ఛార్జర్, డబ్బీ ఆర్డర్ పెట్టా. అక్కా, మోడ్ రూమ్‌మేట్ దగ్గర వదిలేసే వస్తా, ఆ మూడు వారాలకి నికోటిన్ ప్యాచ్ గురించి రేపు ఫార్మసీలో అడుగుతా.